కెమెరా చూడకూడనివి

తార్నాక కూడలి నుండి లాలాపేట మీదుగా మల్కాజ్‌గిరి చేరేలోపు ఎన్ని కెమెరాల కంట పడతామో లెక్కించడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. కూడలిలో పోలీసు శాఖవి, మెట్రో స్టేషనులో మెట్రోవి, దుకాణాల ముందు దుకాణదారులవి. సందు మలుపు తిరిగితే ఇంటింటి గేటు పైనా ఒక తెల్లని డబ్బా, దాని కింద హెచ్చరిక పలక. ఒకప్పుడు బ్యాంకులకూ బంగారు దుకాణాలకూ పరిమితమైన ఈ సాధనం నేడు సామాన్య గృహస్థుడి గోడ మీదికి వచ్చింది. ఈ పత్రిక చదివే ఎన్నో కుటుంబాలలో కెమెరా ఇప్పటికే ఉండి ఉంటుంది, లేదా పెట్టించాలన్న ఆలోచన నడుస్తూ ఉంటుంది. మా ఇంట్లో ఆ ఆలోచన వచ్చినప్పుడు మేము వేసుకున్న ప్రశ్నలు, చేసిన లెక్కలు, చివరకు తీసుకున్న నిర్ణయాలు మరికొన్ని కుటుంబాలకు ఉపకరిస్తాయన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది మల్కాజ్‌గిరిలో రెండంతస్తుల ఇల్లు. కింద అమ్మీ, నేనూ, నా భార్య ఉంటాము. మొదటి అంతస్తులో తమ్ముడి కుటుంబం. పై అంతస్తును ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీజీ చదువుకుంటున్న ఇద్దరు అమ్మాయిలకు అద్దెకిచ్చాము. ఒక తెల్లవారుజామున ప్రాంగణంలోని నీటి మోటారును ఎవరో విప్పుకుపోయారు. అప్పటి నుండి తమ్ముడు కెమెరాలు పెట్టించాలని పట్టుబట్టాడు. ఆ మాట దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్న కొడుకు చెవిన పడింది. దాదీ గదిలోనూ ఒకటి పెట్టండి, ఖర్చు నాది, ఫోనులో నేను ఆమెను చూసుకుంటూ ఉంటాను అని అతను కోరాడు. వచ్చి చూసిన పనివాడు ఎనిమిది కెమెరాలకు లెక్క కట్టాడు. అన్నీ విశాలంగా చూపించేవే. "ఒక్క మూల కూడా వదలను సార్" అని అతను ఎంతో నమ్మకంగా చెప్పాడు.

ఏ మూలనూ వదలకపోవడమే మంచి ఏర్పాటు అనే ఈ భావన చాలామందిలో ఉంది. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ముందు కాగితం మీద ఇంటి పటం గీద్దాం అన్నాను. పటం మీద ప్రతి కెమెరాకు ఎదురుగా ఒక్కొక్క వాక్యం రాయాలని నియమం పెట్టుకున్నాము. ఈ కెమెరా దేనికోసం? గేటు దగ్గర ఉన్నదానికి వాక్యం సులభంగానే దొరికింది: లోనికి వచ్చిన అపరిచితుడి ముఖం తెలియాలి. మోటారు, ద్విచక్ర వాహనాలు ఉండే చోటుకు కూడా దొరికింది: ఎవరైనా వాటిని కదిలిస్తే తెలియాలి. మిగిలిన వాటిలో చాలావాటికి 'ఉంటే మంచిది కదా' అన్నది తప్ప వేరే వాక్యం దొరకలేదు. అలాంటివన్నీ కొట్టివేశాము.

గేటు కెమెరా దగ్గరే అసలైన పాఠం మొదలైంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతున్న మా అన్న కూతురు టేపు పట్టుకొని కొలిచింది. కెమెరా పెట్టదలచిన గోడ నుండి గేటు 8 మీటర్ల దూరంలో ఉంది. చిత్రంలో ఒక మీటరు వెడల్పుకు ఎన్ని పిక్సెళ్లు వస్తున్నాయన్న దానిని బట్టి ఆ చిత్రం దేనికి పనికివస్తుందో చెప్పవచ్చు. 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676 ప్రకారం మీటరుకు 25 పిక్సెళ్లు ఉంటే అక్కడ ఒక మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే మనకు ముందే తెలిసిన మనిషిని గుర్తుపట్టగలం. ఎన్నడూ చూడని మనిషి ఎవరో నిస్సందేహంగా తేల్చాలంటే 250 కావాలి.

పనివాడు చెప్పింది 2 మెగాపిక్సెళ్ల కెమెరా. దాని చిత్రం అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉంటుంది. దానికి అతను సూచించిన 2.8 మిల్లీమీటర్ల కటకం చూపు సుమారు 90 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు 8 మీటర్ల దూరంలో 16 మీటర్ల వెడల్పు చిత్రంలోకి వస్తుంది. 1920ని 16తో భాగిస్తే 120. అంటే అపరిచితుడి సంగతి అటుంచి, తెలిసినవారిని గుర్తుపట్టడానికి కూడా కొంచెం తక్కువే. అదే చోట 6 మిల్లీమీటర్ల కటకం పెడితే చూపు సుమారు 50 డిగ్రీలకు కుదించుకుపోతుంది, వెడల్పు ఏడున్నర మీటర్లకు తగ్గుతుంది, మీటరుకు సుమారు 256 పిక్సెళ్లు వస్తాయి. కెమెరా అదే, ధర దాదాపు అదే. ముఖం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ఆ అమ్మాయి రెండు చిత్రాలనూ పక్కపక్కన గీసి, "చాచా, ఇది చూడండి" అంది. విశాలమైన చిత్రంలో మా గేటు నాలుగో వంతు కూడా లేదు. మిగిలినదంతా ఎదురింటి వాకిలి, వారి కిటికీలు, పక్కింటి వారు బట్టలు ఆరవేసే బాల్కనీ. ఎదురింటి ఇల్లాలు రోజూ తెల్లవారకముందే లేచి, ఇంకా ఎవరూ వీధిలోకి రారన్న ధీమాతో వాకిట్లో ముగ్గు పెడుతుంది. ఆమె నిత్యకృత్యం రోజూ మా పెట్టెలో నమోదవుతుంది. ఇరుకైన చిత్రంలో అవేవీ లేవు. మా గేటు ఉంది, గేటులోకి వచ్చే మనిషి ఉన్నాడు. పొరుగువారి కిటికీ మీద ఖర్చయ్యే ప్రతి పిక్సెలూ మన గేటు దగ్గర తగ్గే పిక్సెలే. భద్రత కావాలా, పొరుగువారి మర్యాద కావాలా అని రెండింటిలో ఒకటి ఎంచుకోవలసిన అవసరం ఇక్కడ లేదు. చూడకూడనిదాన్ని వదిలివేసినప్పుడే చూడవలసినది బాగా కనిపించింది.

ఇతరుల ఇళ్లలోకి ప్రవేశించే ముందు అనుమతి కోరాలని, ఇంటివారికి సలాం చెప్పాలని దివ్యఖుర్ఆన్ 24వ సూరా 27వ వాక్యం ఆదేశిస్తున్న సంగతి మనకు తెలిసిందే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారి గదిలోకి ఒక వ్యక్తి తలుపు సందులోంచి తొంగిచూసిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. అనుమతి కోరే నియమం ఏర్పడిందే చూపు కారణంగా అని ఆ సందర్భంలో ఆయన బోధించారు. కాలు లోపల పెట్టకుండా కన్ను మాత్రమే పెట్టినా అది ప్రవేశమే అవుతుందన్నమాట. మన గోడ మీది కటకం ఎదురింటి కిటికీ వైపు తిరిగి ఉంటే, మనం ఇరవై నాలుగు గంటలూ అనుమతి లేకుండా వారి ఇంట్లో నిలబడి ఉన్నట్టే. అందుకే బిగించిన రోజు నేను ఎదురింటి వారినీ పక్కింటి వారినీ పిలిచి, తెర మీద ఏమి కనిపిస్తుందో చూపించాను. తప్పించలేని ఒక అంచున పక్కింటి బాల్కనీ కొస కనిపించింది. రికార్డరులోనే ఆ భాగాన్ని నల్లని పట్టీతో కప్పివేసే సౌకర్యం ఉంది. దానిని వారి ఎదుటే అమర్చాము. చిత్రీకరణలోనూ అది కప్పే ఉంటుంది.

ఎత్తు విషయంలోనూ ఒక అపోహ ఉంది. ఎంత పైన పెడితే అంత సురక్షితమని పై అంతస్తు పిట్టగోడకు బిగిస్తుంటారు. అంత ఎత్తు నుండి కనిపించేది టోపీలూ నడినెత్తులూ మాత్రమే. చేతికి అందకుండా, ముఖం కనబడేలా ఉండాలంటే రెండున్నర నుండి మూడు మీటర్ల ఎత్తు చాలు. ఉదయపు ఎండ నేరుగా కటకంలో పడే దిక్కు అయితే మనిషి నల్లని నీడగా మారిపోతాడు. దిక్కు మార్చాలి, లేదా వెలుగు నీడల తేడాను సర్దే డబ్ల్యూడీఆర్ సౌకర్యం ఉన్నది తీసుకోవాలి. తెల్లని గోడకు, రేకుల చూరుకు మరీ దగ్గరగా బిగిస్తే రాత్రివేళ కెమెరాలోని పరారుణ కాంతి వాటి మీద పడి వెనక్కి కొట్టి, చిత్రమంతా తెల్లబారుతుంది. సాలెగూడు కూడా అదే పని చేస్తుంది. నెలకొకసారి మెత్తని గుడ్డతో తుడవక తప్పదు.

రాత్రి చిత్రం గురించి మరొక ముఖ్య విషయం చెప్పాలి. పరారుణ కాంతిలో రంగులు ఉండవు. పైగా పగలు నల్లగా ఉండే కొన్ని రకాల కృత్రిమ నూలు బట్టలు ఆ కాంతిని వెనక్కి పంపి లేత బూడిద రంగులోనో తెల్లగానో కనిపిస్తాయి. నల్లని బుర్ఖా తెల్లని దుస్తులుగా కనిపించవచ్చు. కాబట్టి రాత్రి చిత్రంలోని దుస్తుల రంగును బట్టి ఫలానావారే అని తీర్మానించడం ఎంత ప్రమాదకరమో ఆలోచించండి. అనుమానాలకు దూరంగా ఉండమని, ఇతరుల గుట్టు ఆరా తీయవద్దని దివ్యఖుర్ఆన్ 49వ సూరా 12వ వాక్యం విశ్వాసులను హెచ్చరిస్తోంది. కెమెరా చేతికి వచ్చాక ఆ హెచ్చరిక అవసరం పెరిగిందే గాని తగ్గలేదు. గేటు దగ్గర చిన్న ఎల్ఈడీ దీపం ఒకటి వెలిగిస్తే చిత్రమూ మెరుగవుతుంది, దొంగ కూడా వెనుకాడతాడు.

ఇక మెట్ల సంగతి. పై అంతస్తు తలుపు ఎదుట ఒక కెమెరా ఉండాలన్నాడు తమ్ముడు. "అద్దెకున్నవాళ్లు ఆడపిల్లలు భాయిజాన్, రేపు ఏదైనా జరిగితే మనదే పూచీ" అన్నది అతని వాదన. అతని ఆందోళనలో నిజాయితీ ఉంది. నేను అతన్ని ఒకటే అడిగాను: "ఆ పిల్లలు ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు, ఎవరు వచ్చి వెళ్లారు అన్నదంతా మన పెట్టెలో ఉంటుంది. రేపు వాళ్ల తండ్రిగానీ మరెవరైనాగానీ వచ్చి చూపించమంటే ఏం చేస్తావు? మన అమ్మాయి వేరే ఊళ్లో అద్దెకుంటే, ఆ ఇంటి యజమాని దగ్గర ఇలాంటి పెట్టె ఉండడం నీకు సమ్మతమేనా?" అతను చాలాసేపు మౌనంగా ఉండి, మెట్ల కింద చాలులే అన్నాడు. ఇప్పుడు అక్కడ ఉన్న కెమెరా ప్రాంగణం నుండి మెట్లెక్కేవారిని మాత్రమే చూస్తుంది. ఏ గుమ్మమూ అందులో కనిపించదు. అద్దెకున్న అమ్మాయిలకు ముందే చెప్పి, చిత్రాన్ని చూపించి, వారు సరేనన్న తరువాతే బిగించాము. మూడు కెమెరాలలోనూ శబ్దం నమోదయ్యే ఏర్పాటును తీసివేయించాము. దొంగను పట్టుకోవడానికి ముఖం కావాలి గాని, గేటు దగ్గర ఆడవాళ్లు చెప్పుకునే కష్టసుఖాలు అక్కరలేదు.

అమ్మీ గది విషయమే అన్నింటికన్నా కష్టమైనది. మనవడి కోరిక వెనుక ఉన్నది ప్రేమ. ఎనభై దాటిన నానమ్మ పడిపోతే ఎవరికీ తెలియదేమోనన్న బెంగ. నిర్ణయం మాత్రం ఆమెదే కావాలని అందరమూ ఆమె దగ్గర కూర్చున్నాము. ఆమె అంతా విని, "వాడు నన్ను తలుచుకుంటున్నాడు, అల్లాహ్ వాణ్ణి చల్లగా చూడాలి. కానీ బేటా, నేను తల మీద కొంగు లేకుండా పడుకుని ఉంటాను. వాడుండే గదిలో ఇంకా నలుగురు మగవాళ్లుంటారని వాడే చెప్పాడు. ఫోను తెరిచినప్పుడు వాడి భుజం మీద నుండి ఎవరు చూస్తున్నారో నాకెలా తెలుస్తుంది?" అంది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆమె గదిలో కెమెరా పెట్టలేదు. మంచం పక్కన చేతికందేలా తీగలేని గంట మీట ఒకటి అమర్చాము. నొక్కితే మా గదిలోనూ తమ్ముడి ఇంట్లోనూ మోగుతుంది. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఊచ బిగించాము. రోజూ అస్ర్ నమాజు తరువాత మనవడు వీడియో కాల్ చేస్తాడు. ఆమె చక్కగా దుపట్టా సర్దుకొని కూర్చుంటుంది. ఆ సమయానికి ఫోను రాకపోతే ఆమే చేయిస్తుంది.

ఇలాంటి వివాదమే ఒకటి ఉన్నత న్యాయస్థానాల దాకా వెళ్లింది. ఉమ్మడి ఇంటిలో ఒక సోదరుడు నివాస భాగంలో కెమెరాలు పెట్టగా మరో సోదరుడు అభ్యంతరం చెప్పాడు. కలిసి నివసించేవారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం వారి గోప్యతా హక్కుకు భంగమని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పు ఇచ్చింది. సుప్రీం కోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాటకు ఇది కొనసాగింపు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం, ఒక వ్యక్తి కేవలం సొంత, గృహ అవసరాలకు వాడుకునే సమాచారాన్ని తన పరిధి నుండి మినహాయించింది. అంటే మన ఇంటి పెట్టెలో ఏముండాలన్నది చాలావరకు మన మనస్సాక్షికే వదిలివేయబడింది.

ఎన్ని రోజులు దాచాలన్నది మరొక ప్రశ్న. ఇక్కడ లెక్క వేయకపోతే మోసపోతాము. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో నమోదు చేసే ఒక కెమెరా రోజుకు సుమారు 43 గిగాబైట్లు నింపుతుంది. నాలుగు కెమెరాలైతే 173. ఒక టెరాబైటు డిస్కు ఆరు రోజులు కూడా రాదు. ఆ తరువాత పాతదాని మీదే కొత్తది నమోదవుతుంది. నెల రోజులు ఉంటుందన్న భరోసాతో పది రోజుల తరువాత వెతికి, ఏమీ దొరకక నిరాశపడ్డ ఒక అపార్టుమెంటు సంఘం నాకు తెలుసు. మాకున్నవి మూడు కెమెరాలు. హెచ్.265 పద్ధతిలో ఒక్కొక్కటి 2 మెగాబిట్లతో నడుస్తుంది. మూడూ కలిసి రోజుకు సుమారు 65 గిగాబైట్లు. రెండు టెరాబైట్ల డిస్కు తీసుకొని, 15 రోజుల తరువాత దానంతటదే చెరిగిపోయేలా అమర్చాము. మాకు అంతకన్నా ఎక్కువ అక్కరలేదు. అనవసరంగా దాచినది ఏదో ఒకనాడు అనవసరమైనవారి చేతిలో పడుతుంది.

మసీదులు, మదరసాలు, ఫంక్షన్ హాళ్ల నిర్వాహకులకు మాత్రం నియమం వేరు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజాభద్రత చట్టం ప్రకారం, ఒకేసారి 100 మంది గానీ, రోజులో 500 మంది గానీ వచ్చే అవకాశమున్న సంస్థలు కెమెరాలు పెట్టి, చిత్రాలను 30 రోజులు భద్రపరచాలి. ప్రార్థనా స్థలాలు, విద్యాసంస్థలు కూడా ఇందులోకి వస్తాయి. వారు తమ డిస్కును ఆ లెక్కన ఎంచుకోవాలి. అయితే ద్వారం, చెప్పుల చోటు, వాహనాల చోటు చిత్రించడం వేరు, స్త్రీల వుజూ స్థలం వైపు కెమెరా తిరిగి ఉండడం వేరు. స్త్రీలను వారి ఏకాంత సమయంలో రహస్యంగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. ఉద్దేశం మంచిదే అయినా అలాంటి చోటుకు చూపు పడకుండా పటం గీసేటప్పుడే జాగ్రత్తపడాలి.

తలుపులన్నీ వేసి తాళం చెవిని గుమ్మంలో వదిలినట్టుగా, కెమెరా పెట్టి సంకేతపదం మార్చనివారు ఎందరో. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను స్వాధీనం చేసుకుంది. అది చేసిందల్లా తయారీదారు ఇచ్చిన సంకేతపదాలను ఒకటొకటిగా ప్రయత్నించడమే. మన దేశంలో 2025 ఏప్రిల్ నుండి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఆ ధ్రువీకరణ ఉందో లేదో అడగండి. బిగించిన వ్యక్తి వెళ్లిపోయాక సంకేతపదం మీరే మార్చండి. అతని ఫోనులో మీ ఇల్లు కనిపిస్తూ ఉండకూడదు. మా ఇంట్లో సంకేతపదం ఇద్దరికే తెలుసు. పాత చిత్రాలను తిరగేయాలంటే ఇద్దరమూ కలిసి కూర్చోవాలని నియమం.

మిగిలిన జాగ్రత్తలు చిన్నవే అయినా విస్మరించరానివి. నెట్‌వర్కు తీగ 100 మీటర్లు దాటకూడదు. బయట తిరిగే తీగను గొట్టంలో నుండి తీయాలి. దొంగలు కరెంటు తీసివేసే అవకాశం ఉంది కనుక రికార్డరుకూ స్విచ్చుకూ రౌటరుకూ ఒక చిన్న యూపీఎస్ ఉండాలి. రికార్డరు గేటుకు దూరంగా, తాళం వేసిన బీరువాలో ఉండాలి. దాని గడియారం సరిగా ఉందో లేదో అప్పుడప్పుడు చూడాలి. గంట తప్పుగా చూపే చిత్రం నిర్దోషిని దోషిని చేయగలదు. పోలీసులు చిత్రం అడిగితే దరఖాస్తు తీసుకొని, కావలసిన సమయానికి సంబంధించిన భాగాన్ని మాత్రమే ఇవ్వండి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం అలాంటి చిత్రం కోర్టులో చెల్లాలంటే నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. తెర మీద నడుస్తున్నదాన్ని ఫోనుతో తీసి వాట్సాప్ గుంపుల్లో పంచడం న్యాయానికి ఉపకరించదు, ఒకరి పరువును మాత్రం తీసివేయగలదు.

మన నగరంలో వేలాది కెమెరాల చిత్రాలను ఒకేచోట చూసే సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. ముఖాలను గుర్తించే సాంకేతికతను పోలీసులు ఏ చట్టం ఆధారంగా వాడుతున్నారని ప్రశ్నిస్తూ హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యంపై, అదే ఏడాది జనవరిలో తెలంగాణ హైకోర్టు నోటీసులు జారీ చేసింది. ఎవరిని చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు, ఎన్నాళ్లు దాచుతున్నారు, ఎవరికి చూపిస్తున్నారు అని ప్రభుత్వాన్ని అడిగే హక్కు పౌరులందరికీ ఉంది. అదే నాలుగు ప్రశ్నలను మన గేటు మీది కెమెరా గురించి ఎదురింటివారు, అద్దెకున్నవారు, మన ఇంటి ఆడవాళ్లు అడిగితే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి.

కెమెరాలు పెట్టించదలచిన సోదర సోదరీమణులకు నా విన్నపం ఇది. దుకాణానికి వెళ్లకముందే ఇంటి పటం గీయండి. దాని మీద చూడవలసినవాటిని ఒక రంగుతో, చూడకూడనివాటిని మరో రంగుతో గుర్తించండి. రెండో రంగు గురించి ఇంట్లోని స్త్రీలనూ వృద్ధులనూ ముందుగా అడగండి. మగవారి కంటికి ఆనని చోట్లు వారికి తెలుసు. ఆ తరువాత టేపుతో దూరాలు కొలిచి, ఆ కాగితాన్ని పనివాడి చేతిలో పెట్టండి. ఎనిమిది కెమెరాలు అన్నచోట బహుశా మూడే సరిపోవచ్చు.